వెంట్రుక పడిన చోటు

కిందటి మంగళవారం ఉదయం పదిన్నరకు జగిత్యాల వైపు నుంచి ఫోన్ వచ్చింది. "సార్, మా పెద్దనాయిన పోయిండు సార్. మీ నంబరు ఆయన బుక్కుల ఉండె. అందరికి చెప్పుమన్నరు, చెప్తున్న" అన్నాడు అవతలి మనిషి. ఎప్పుడని అడిగాను. ఆదివారం పొద్దుగాల అన్నాడు. ఎన్నింటికి అన్నాను. ఐదు, ఐదున్నర మధ్యల అన్నాడు. ఆ రెండూ డైరీలో రాసుకుని, సరే బాబూ అని పెట్టేశాను. ఏం జబ్బు చేసిందో, చివరి రోజుల్లో ఎలా ఉన్నాడో అడగలేదని ఆ తర్వాత తట్టింది. మళ్ళీ చేయలేదు. పేపరు చదివాను. భోజనం చేశాను. మధ్యాహ్నం అలవాటు ప్రకారం పడుకున్నాను, నిద్ర కూడా పట్టింది.

సాయంత్రం అటక మీది పెట్టె దింపించి కతార్ డైరీలు ఎనిమిదీ బయటికి తీశాను. వాటిని చూసే ఇది రాస్తున్నాను. ఆయన పేరు రాయను, ఊరూ రాయను. ఆ ఇంటివాళ్ళు ఇంకా క్షవరం పని మీదే బతుకుతున్నారు. క్యాంపులో తెలుగువాళ్ళందరూ ఆయన్ను కాకా అనేవారు. నేనూ అలాగే అన్నాను.

డెబ్బైల చివర చమురు ధర పెరిగిపోయి దోహాలో ఎక్కడ చూసినా క్రేన్లే ఉన్న రోజులు. ఇప్పుడు వెస్ట్ బే అని అద్దాల మేడలు లేచిన చోట అప్పుడు సముద్రం అడుగు నుంచి ఇసుక తోడి పోసి నేల చేస్తున్నారు. ఆ పనిలోనూ, దాని పక్కన కాంక్రీటు పనిలోనూ ఉన్న కూలీల క్యాంపు వక్రా వెళ్ళే దారిలో ఉండేది. క్యాంపు క్లినిక్కులో నేను గుమాస్తాను. పేషెంట్ల రిజిస్టరు రాయడం, మందుల లెక్క చూడడం నా పని. మాది గోదావరి వైపు. కూలీల్లో మూడొంతులు కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల వాళ్ళు. డాక్టరు సూడాన్ మనిషి. పొడగరి, మెల్లగా మాట్లాడేవాడు. ఆయనకు అరబ్బీ, ఇంగ్లీషు వచ్చు. కూలీలకు రెండూ రావు. మధ్యలో నేను.

వచ్చే జబ్బుల్లో సగానికి పైగా చర్మానివే. సిమెంటు, ఉప్పునీళ్ళు, చెమట, ఎండ, ఒకరి దుప్పటి ఇంకొకరు కప్పుకోవడం. ఒకడు వచ్చి చొక్కా ఎత్తి "గిది సార్" అనేవాడు. నేను చూసి "తామరా?" అని అడిగేవాణ్ణి. "ఏమో సార్, కాకా సెమటకాయలన్నడు" అనేవాడు. ఇంకొకడు వేళ్ళ సందులు చూపించి "కాకా గజ్జి అన్నడు, మందియ్యి" అనేవాడు. డాక్టరు చూసి సరిగ్గా అదే అనేవాడు, ఇంగ్లీషులో. ఇలా పది పన్నెండుసార్లు అయ్యాక ఈ కాకా ఎవరో చూద్దామని ఒక శుక్రవారం వెళ్ళాను.

మెస్సు వెనక రేకుల నీడలో, సిమెంటు సంచీ పరిచిన చెక్కపెట్టె మీద ఒకణ్ణి కూర్చోబెట్టి క్షవరం చేస్తున్నాడు. నలభై ఏళ్ళుంటాయి. పొట్టి మనిషి, చెవుల మీద వెంట్రుకలు. వారంలో ఆరు రోజులు కాంక్రీటు డ్యూటీ. శుక్రవారం సెలవు కనుక ఇంటి వృత్తి. వాళ్ళది తరతరాలుగా క్షవరం చేసే కుటుంబం. ఊళ్ళో తమ్ముళ్ళిద్దరూ అంగడి నడుపుతున్నారని, ముగ్గురికి చాలక తాను 'దుబాయ్' వచ్చానని చెప్పాడు. ఇది దుబాయ్ కాదు కాకా, కతార్ అన్నాను. "మా అవ్వకు అన్నీ దుబాయే సార్. కాయితం మీద నువ్వు రాసుకో కతారని" అన్నాడు.

కత్తి పెట్టకముందు ఆయన చేసే పని ఒకటుంది. కూర్చున్నవాడి మెడ వెనక, చెవుల కింద, దవడల మీద చేత్తో ఒకసారి తడిమేవాడు. వేళ్ళ కొసలతో కాదు, వేళ్ళ వెనక వైపుతో. కొసలు కాయలు కాసి ఉంటాయి, వాటికి ఏమీ తెలియదనేవాడు. జబ్బు పేరు చెప్పేటప్పుడు మనిషి మొహం చూసేవాడు కాదు. వాడి చేతిలో ఉన్న అద్దాన్ని చూసి, అద్దంలోని వాడితో చెప్పేవాడు. నురగ తుడిచిన కత్తిని ఎడమ ముంజేతికి రాసేవాడు. నాలుగు గడ్డాలయ్యేసరికి మణికట్టు నుంచి మోచేయి దాకా నురగ ఎండి తెల్లగా పొలుసు కట్టి ఉండేది. క్యాంపులో అందరికీ ఆ చేయి అలాగే తెలుసు.

నేను ఒక నోటుబుక్కు పెట్టాను. నాలుగు నిలువు వరసలు. కూలీ చెప్పే మాట, కాకా చెప్పే మాట, డాక్టరు చెప్పే మాట, ఇచ్చిన మందు. నాకు ఒక జబ్బుకు ఒక పేరు ఉంటే బావుంటుంది. ఆయనకు అది నచ్చేది కాదు.

"గజ్జీ, చిడుమూ ఒకటే కదా కాకా?"

"ఎవలన్నరు? గజ్జి వేళ్ళ సందుల వుట్టి ఇల్లంత తిరుగుతది. చిడుము ఉన్న కాడనే ఉండి సతాయిస్తది. ఒకటెట్లయితయి?"

"డాక్టరు రెండింటికీ ఒకే లోషన్ ఇస్తున్నాడు."

"ఇయ్యనియ్యి. మా తమ్మునికి, నాకు ఒక్కటే అంగి కుట్టించేది మా అవ్వ. ఇద్దరం ఒక్కడమైనమా?"

అలా పేనుకొరుకుడు, శోభి, అక్కి, సెగ్గడ్డ, ఉలిపిరి కాయలు, ఆనెకాయలు, మంగు, దద్దుర్లు, ఒరుపు, ఒక్కొక్క దానికీ ఒక వాదన. తలలో రూపాయంత మేర వెంట్రుకలు ఊడిపోతే పేను కొరికిందంటారు కదా, పేను నిజంగా కొరుకుతుందా అని అడిగాను. "పేనుకు గంత నోరుంటే మనం ఉందుమా సార్" అన్నాడు. డాక్టరుకు ఈ నోటుబుక్కు సరదా. అప్పుడప్పుడు తీసుకుని తన వరసలో స్పెల్లింగులు దిద్దేవాడు. "మీ మంగలి నాకంటే ఎక్కువ పేర్లు తెలిసినవాడు" అనేవాడు.

ఒక్క పేరు మాత్రం ఆయన ఆ పుస్తకంలో రాయనివ్వలేదు. కుష్టు అని రాయబోతే నా కలం పట్టుకున్నాడు. "దానికి మా ఇంట్ల పేరు లేదు సార్. పెద్దది అంటం, గంతే. పేరు పెట్టినంక అది మనిషి మీదికెల్లి దిగదు."

పెద్దదో కాదో చెప్పడానికి వాళ్ళ నాయన నేర్పిన పరీక్ష ఒకటి ఆయన దగ్గర ఉండేది. ఒకసారి కళ్ళారా చూశాను. కాంక్రీటు పనివాడొకడు మెడ మీద పాలిపోయిన మచ్చతో వచ్చి పెట్టె మీద కూర్చున్నాడు. మొహంలో నెత్తురు లేదు. కాకా వాడి కళ్ళకు తువ్వాలు కట్టాడు. అప్పుడే కత్తిరించిన వెంట్రుకల్లోంచి ఒక్కటి తీసి, పైనుంచి మచ్చ మీద వదిలాడు.

"ఎక్కడ వడ్డది?"

"చెవి కింద."

ఇంకొకటి వదిలాడు.

"గిప్పుడు?"

"గల్ల పట్టీ పైన, మెడ మీద."

"ఇగో, గిప్పుడు?"

"ముక్కు మీద వడ్డది. నీ చెయ్యి ఉల్లిగడ్డ కంపు గొడుతుంది."

చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. కాకా అద్దంలోకి చూసి "శోభిరా. నీకు పెండ్లం మీద ఉన్నంత రంది దీని మీద పెట్టినవ్. తానం జేసి ఆరినంక అంగి తొడుక్కో" అన్నాడు. వాడు అక్కడే కూర్చుని ఏడ్చాడు. మచ్చ మీద వెంట్రుక పడింది ఎక్కడో చెప్పగలిగినవాడికి భయం లేదు. చెప్పలేకపోతే అది పెద్దది. అంతే పరీక్ష. డాక్టరు ఇదే పరీక్షను దూదితో చేసేవాడు.

నేను కూడా ఆయన దగ్గరే గడ్డం గీయించుకునేవాణ్ణి. రెండో ఏడు, ఎండలు ముదరని రోజుల్లో, ఒక శుక్రవారం ఒక చెంప అయి రెండో చెంపకు నురగ రాస్తున్నాడు. నా మెడ చుట్టూ కప్పిన తెల్ల తువ్వాలు మీద ఎర్రగా ఒక చుక్క కనిపించింది. తర్వాత రెండో చుక్క.

"ఏమయింది, తెగిందా కాకా?"

"ఆగు సార్, ఆగు." గడ్డం కింద చూశాడు. చెవి వెనక చూశాడు. దవడ ఎత్తి మెడంతా నీళ్ళతో కడిగి చూశాడు. గాటు ఎక్కడా లేదు. తువ్వాలు మీద మాత్రం ఇంకా పడుతోంది. నేనే ముందు చూశాను. ఆయన ఎడమ చిటికెన వేలు పక్కన చర్మం చీలి ఉంది, బాగా లోతుగా. ఆ వేలితోనే నా దవడ పట్టుకుని నా మెడ మీద గాయం వెతుకుతున్నాడు.

వేలు చూపించాను. ఆయన దాన్ని వేరేవాళ్ళ వేలు చూసినట్టు చూశాడు. మగ్గులో ముంచాడు. నీళ్ళు ఎర్రబడ్డాయి, ముంజేతి మీద ఎండిన నురగ కరిగిపోయింది. మోచేయి కింద అరచేతి వెడల్పున మచ్చ, చుట్టూ ఉన్న చర్మం కంటే తేటగా, పొడిబారి, ఒక్క వెంట్రుక లేకుండా.

పటిక రాయి వేలికి అదిమాడు. గుడ్డపీలిక కట్టాడు. "సగం గడ్డంతోని ఎట్ల వోతవ్ సార్" అని రెండో చెంప గీశాడు. పని అయ్యేసరికి ఇంకెవరూ లేరు. తువ్వాలు దులిపి, రాలిన వాటిలోంచి ఒక వెంట్రుక ఏరి నా చేతిలో పెట్టాడు. పెట్టె మీద తాను కూర్చున్నాడు. ఎడమ చేయి మోకాలి మీద చాపి కళ్ళు మూసుకున్నాడు.

"ఏయ్ సార్. నీకు నచ్చిన కాడ ఏయ్. నేనే ఏసుకుంటే ఏసినట్టు తెలుస్తది గద. అందుకే ఇన్నొద్దులు సమజ్ గాలె."

మచ్చ మధ్యలో వేశాను. ఆయన ఏమీ అనలేదు. తీసి కొంచెం పైన వేశాను. చిటికెన వేలి వైపు వేశాను. మెస్సులో గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఏసినవా?" అన్నాడు.

వేశానన్నాను.

"మల్ల ఏయ్."

వేశాను.

"ఏసినవా సార్?"

ఆ రోజు డైరీలో ఉన్నది ఇంతే: 'శుక్రవారం. క్షవరం. ఇంటికి ఉత్తరం. గాలి లేదు.'

రెండు వారాల్లో ఏటా జరిగే వైద్య పరీక్షలు. ప్రతివాణ్ణీ చొక్కా విప్పించి చూస్తారు. పెద్దది ఉన్నవాణ్ణి కంపెనీ ఉంచదు, ఆ పేరు కాయితం మీద రాసి విమానం ఎక్కిస్తుందని క్యాంపులో అందరూ అనుకునేవారు. నేనూ అనుకునేవాణ్ణి. పరీక్షలకు మూడు రోజుల ముందు ఆయన క్లినిక్కుకు వచ్చాడు. డాక్టరు లేని సమయం చూసి వచ్చాడు. నిలబడే మాట్లాడాడు.

"నన్ను వంపితే వంపనీ సార్. నేను వోత. ఆ పేరు ఎంట రావద్దు. మా ఊరోళ్ళు ఇక్కడ నలభై మందున్నరు. నాకన్న ముందు ఉత్తరం వోతది. మా తమ్ముళ్ళు రోజు పొద్దుగాల మంది మొఖాలు ముట్టుకోని బతుకుతున్నరు. అన్నకు పెద్దదున్నదంటే వాళ్ళ ముంగట ఎవడు కూసుంటడు? దవుడ ముంగట వెడతడా, మెడ ముంగట వెడతడా? పిల్లలు ఆరుగురున్నరు ఆ ఇంట్ల."

"మందుంటుందేమో కాకా. డాక్టరును అడుగుదాం."

"డాక్టరు కాయితం రాస్తడు. రాయకుంట ఉంటడా? నువ్వయితే రాయకుంట ఉంటవా?"

నేను ఉండను. నా రిజిస్టరులో అప్పటిదాకా కొట్టివేత లేదు. ఆ మాటే అన్నాను. ఆయన సరే సార్ అని డ్యూటీకి వెళ్ళిపోయాడు. డాక్టరును అడుగుదామని రెండుసార్లు ఆయన గది తలుపు దాకా వెళ్ళాను. అడగడం అంటే చెప్పడమే కదా అనిపించి వెనక్కి వచ్చాను.

పరీక్షల రోజు. వరసలో ఆయన వంతు మధ్యాహ్నానికి వచ్చింది. చొక్కా విప్పాడు. డాక్టరు మచ్చను వెంటనే చూశాడు, దూది తీసుకున్నాడు. పద్ధతి మా ఇద్దరికీ అలవాటైనదే. పేషెంటు కళ్ళకు గుడ్డ కడతాం. డాక్టరు ఒకసారి దూది ఆనిస్తాడు, ఒకసారి ఆనించకుండా దగ్గరికి తెచ్చి ఆపుతాడు. ఆనినా ఆనకపోయినా నేను ఒకే గొంతుతో, మధ్యమధ్య "తెలుస్తోందా?" అని అడుగుతూనే ఉండాలి. అలా అడిగితేనే పేషెంటు ఊహించి చెప్పలేడు. రెండేళ్ళుగా అలాగే అడిగాను.

దూది ఆనింది. నేను అడిగాను. "తెలుస్తోందా కాకా?"

ఆయన తల నా గొంతు వైపు తిరిగింది. తర్వాత "తెలుస్తుంది" అన్నాడు.

డాక్టరు దూది దగ్గరికి తెచ్చి ఆపాడు. నేను అడగలేదు. ఆయనా మాట్లాడలేదు.

ఆనింది. అడిగాను. "తెలుస్తుంది."

ఆగింది. ఊరుకున్నాను. ఆయన కూడా ఊరుకున్నాడు.

మేం ముందుగా ఏమీ అనుకోలేదు. మూడోసారికి ఆయనకు అర్థమైపోయింది. ఎనిమిదిసార్లు అయింది. డాక్టరు నా వైపు చూడలేదు, బయట ఇంకా అరవై మంది ఉన్నారు. "సిమెంటు" అన్నాడు. నేను రిజిస్టరులో కాంటాక్ట్ డెర్మటైటిస్ అని రాశాను, ఒక ట్యూబు ఇచ్చినట్టు రాశాను. కళ్ళకు గుడ్డ విప్పాను. ఆయన నన్ను చూడలేదు. గోడకు డాక్టరు చేతులు కడుక్కునే చోట చిన్న అద్దం ఉంది. దానిలోకి చూసి, "ఎల్తున్న సార్" అన్నాడు.

ఆ రాత్రి డైరీలో 'వైద్య పరీక్షలు పూర్తి. అందరూ ఫిట్' అని ఉంది.

తర్వాత ఏడాదంతా నేను ఆయన చేయి చూస్తూ ఉన్నాను. మెస్సులో సలసల కాగిన చాయ్ గ్లాసును ఎడమ చేత్తో అంచు కాక మధ్యలో పట్టుకుని నిలబడేవాడు. "కాకా చెయ్యి ఇనుపదిరా" అని నవ్వేవారు. ఆయనా నవ్వేవాడు. అరచేతిలో బొబ్బలు లేచి, చితికి, మానేవి. వాటి మీద సిమెంటు. ముందు చిటికెన వేలు వంగింది. చలికాలానికి ఉంగరపు వేలు వంగింది. దవడ పట్టుకోవడానికి మిగిలిన వేళ్ళతో వేరే పట్టు నేర్చుకున్నాడు. ఆ తర్వాత ఒక శుక్రవారం పెట్టె లేదు. నడుము నొప్పి, ఇగ జెయ్య అన్నాడట. నేను ట్యూబులు ఇస్తూనే ఉన్నాను. ఆయన తీసుకుంటూనే ఉన్నాడు. అవి దేనికీ పనికిరావని ఇద్దరికీ తెలుసు.

మరుసటి ఏడు పరీక్షలకు ముందే ఒక వెల్డరు వచ్చాడు, వేరే దేశంవాడు. అరబ్బీ బాగా వచ్చు కనుక నా అవసరం పడలేదు. వాడి చెంప మీద మచ్చ. డాక్టరు లేచి తలుపు వేశాడు. అరగంట తర్వాత వాడు బయటికి వచ్చి వెళ్ళిపోయాడు. డాక్టరు రిజిస్టరు నా దగ్గర్నుంచి తీసుకుని తానే రాశాడు: ఎగ్జిమా, సొంత దేశంలో చికిత్సకు సిఫారసు. వాడి చేతిలో ఉన్న మాత్రల డబ్బా నేను చూశాను. అవి ఎగ్జిమాకు ఇచ్చేవి కావు.

"డాక్టర్, అది..."

"అదే."

"రిజిస్టరులో..."

"ఆ పేరు నేను ఏ పుస్తకంలోనూ రాయను. మా ఊళ్ళో మా మేనమామకు రాశారు. తర్వాత ఆయనకు నీళ్ళు ఇచ్చినవాడు లేడు. మందు రాస్తే చాలు. ఊరెళ్ళి ఏ పెద్ద ఆసుపత్రిలో చూపించుకోవాలో ఒక కవరులో పెట్టి అతికించి ఇస్తాను. కంపెనీకి ఎగ్జిమా. తొందరగా దొరికితే వేళ్ళు కూడా దక్కుతాయి." మందుల అలమర తాళం వేస్తూ, "అందుకే ఆ దూది పరీక్ష అంత నిదానంగా చేస్తాను" అన్నాడు.

మూడేళ్ళు ఆయన పక్కన కూర్చున్నాను. ఇలాంటిది వస్తే మీరు ఏం చేస్తారని ఒక్కసారి అడిగితే చెప్పేవాడు. నేను అడగలేదు.

ఆ మధ్యాహ్నమే కాకాను డ్యూటీ నుంచి పిలిపించాను. డాక్టరు చేయి చూశాడు. వంగిన వేళ్ళను సాగదీసి చూశాడు, రాలేదు. మోచేయి లోపలి వైపు నొక్కాడు. అక్కడ నరం తాడులా తేలి ఉంది. చాలాసేపు అలాగే పట్టుకుని, నన్ను అడిగాడు, ఆయన్ను కాదు.

"పోయిన ఏడు ఇతణ్ణి నేను పరీక్ష చేశాను. అడిగింది నువ్వే కదా?"

"నేనే."

డాక్టరు లేచి చేతులు కడుక్కున్నాడు. మాత్రలు తెచ్చాడు, ఏళ్ళ తరబడి మానకుండా మింగాలని చెప్పమన్నాడు. చెప్పాను. కంపెనీకి ఎగ్జిమా అని రాస్తున్నానని చెప్పమన్నాడు. చెప్పాను. కాకా నన్ను చూశాడు, డాక్టరును చూశాడు, మళ్ళీ నన్ను చూశాడు.

"నిరుడు గూడ గిట్లనే రాస్తుండెనా?"

అవునన్నాను.

డాక్టరు ఇంకొకటి చెప్పమన్నాడు. "ఇతనిది అంటుకునే రకం కాదు. ఇతని కత్తి వల్ల ఎవరికీ ఏమీ కాలేదు, కాదు. ఊరెళ్ళి గడ్డాలు గీసుకోవచ్చు."

అదీ చెప్పాను. కాకా ఎడమ చేయి తన మొహం ముందు పెట్టుకుని తిప్పి చూసుకున్నాడు. "గీసెటందుకు వేళ్ళు గావాలె గద సార్" అన్నాడు. కాకా ఏమన్నాడని డాక్టరు నన్ను అడిగాడు. షుక్రన్, అంటే ధన్యవాదాలు, అన్నాడని చెప్పాను.

పది రోజులకు ఆయన వెళ్ళిపోయాడు. బస్సు దాకా వెళ్ళాను. కవరు చొక్కా లోపల జేబులో ఉంది, తడిమి చూపించాడు. నన్ను క్షమించమని అడగాలని వెళ్ళాను. బస్సు డ్రైవరు యల్లా యల్లా అని తొందరపెడుతూ అరుస్తున్నాడు. "పటిక రాయి మర్చిపోయిన సార్, పెట్టె కింద. నువ్వు వాడుకో" అన్నాడు. అంతే. ఆ తర్వాత డాక్టరు నాతో మామూలుగానే మాట్లాడాడు. కానీ దూది పరీక్ష చేయాల్సి వస్తే మెస్సు నుంచి హైదరాబాదు వంటాయన్ను పిలిపించుకునేవాడు. ఆయన ఉర్దూలో అడిగేవాడు, సగం మందికి అర్థమయ్యేది కాదు. అయినా ఆయన్నే పిలిచేవాడు.

నాలుగేళ్ళ తర్వాత, సెలవు మీద వచ్చినప్పుడు, కరీంనగర్ దాకా రైలూ బస్సూ మారి, అక్కడి నుంచి ఆయన ఊరి బస్సు ఎక్కాను. అంగడి బస్సు దిగిన చోటికి ఎదురుగానే ఉంది. రెండు కుర్చీలు, రెండింటి మీదా మనుషులు, ఇద్దరు తమ్ముళ్ళు పనిలో ఉన్నారు. బయట బెంచీ మీద ఇంకో నలుగురు. వాళ్ళ మధ్య ఆయన. భుజం మీది తువ్వాలు ఎడమ చేతి మీదికి జారవిడిచి, కుడి చేత్తో తోలు పట్టీ మీద కత్తి నూరుతున్నాడు.

"ఓ... సార్ వచ్చిండు! ఒరే, దుబాయ్ సార్ వచ్చిండురా! లే, నువ్వు లే, సార్‌ను కూసోనియ్యి!"

సగం గడ్డం అయినవాణ్ణి తప్ప మిగిలినవాళ్ళనందరినీ లేపేశాడు. చాయ్ వచ్చింది. పక్కన కూర్చున్నప్పుడు గొంతు తగ్గించి, "గోలీలు మింగుతున్న. జిల్లా ఆసుపత్రిల ఇస్తున్నరు. మచ్చ రంగు దిరిగింది, సగం వరకు తెలుస్తుంది గూడ" అన్నాడు. చేయి మాత్రం తువ్వాలు కిందే ఉంచాడు. తర్వాత గొంతు పెంచి, "రా సార్, మా తమ్ముని చెయ్యి సూడు. నా లెక్కనే ఉంటది" అని నన్ను కుర్చీలో కూర్చోబెట్టాడు.

చిన్న తమ్ముడు నురగ రాశాడు. కత్తి పెట్టకముందు, వేళ్ళ వెనక వైపుతో నా దవడలు తడిమాడు. నేను కళ్ళు మూసుకున్నాను.

బెంచీ మీది వాళ్ళలో ఒక ముసలాయన అడిగాడు. "దుబాయ్‌ల నువ్వు గూడ ఆన్నే ఉన్నవా సారు? మావోని చెయ్యి గొలుసుల వడ్డనాడు?"

నేను జవాబు చెప్పేలోపే కాకా అందుకున్నాడు. "ఉండుడేంది? క్రేన్ గొలుసులకెల్లి నన్ను గుంజింది గీ సారే. అడుగుండ్రి."

అద్దంలో చూశాను. బెంచీ అంతా నా వైపు తిరిగి ఉంది. కాకా కత్తి నూరడం ఆపాడు.

చెప్పాను. సముద్రం పూడుస్తున్న చోట పెద్ద క్రేను ఉండేదన్నాను. ఆ రోజు బుధవారం అన్నాను. ఇసుక గాలి లేచిందని, డ్రైవరుకు కిందివాళ్ళు కనపడలేదని, గొలుసు సడలి మళ్ళీ బిగుసుకునేటప్పుడు ఆయన ఎడమ చేయి మధ్యలో ఉందని చెప్పాను. నేనూ ఇంకొకరూ కలిసి లాగామన్నాను. డాక్టరు సూడాన్ మనిషని, చాలా మంచివాడని, వేళ్ళు దక్కించడానికి చేయగలిగింది చేశాడని చెప్పాను. ఆగకుండా వస్తున్నాయి మాటలు. కాకా మొదటిసారి వింటున్నట్టు నోరు తెరిచి విన్నాడు.

చిన్న తమ్ముడు నా గడ్డం కింద కత్తి ఆపాడు.

"మా అన్న మాకు ఏం జెప్పడు సార్. నొప్పి బాగ లేసిందా?"

"చాలా" అన్నాను. "క్యాంపంతా వినపడేట్టు అరిచాడు."